మనసు కుంగినప్పుడు నడక: అడ్డంకులు, ఆసరాలు

కుంగుబాటును, అంటే డిప్రెషన్‌ను, మన ఇళ్లలో చాలామంది నేటికీ సోమరితనం అనే అనుకుంటారు. ఇది జబ్బు. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో తమిళనాడుతో సహా 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం, పెద్దవారిలో సుమారు 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకసారి దీని బారిన పడినవారే. ఒళ్లు కదిలితే మనసుకు మేలని వైద్యులు చెబుతారు. కాని కదలడానికి కావలసిన ఉత్సాహాన్నే ఈ జబ్బు ముందుగా లాగేసుకుంటుంది.

అడ్డుపడేవి

నిద్ర పట్టకపోవడం, అలసట, ఒంటినొప్పులు, "నా వల్ల కాదు" అనే భావన ప్రధానమైనవి. కొన్ని మందుల వల్ల మత్తుగా ఉండవచ్చు, బరువు పెరగవచ్చు. హోసూరు సిప్కాట్‌లో షిఫ్టు పనులు చేసేవారికి వేళ కుదరదు. ఇంటి ఆడవారు పొద్దస్తమానం పని చేసినా, తమకంటూ అరగంట మిగలదు. పిల్లలు బెంగళూరు చేరాక ఒంటరిగా మిగిలిన పెద్దలకు గడప దాటడానికి కారణమే కనిపించదు. వీటన్నిటి పైన "ఊరికే పడుకోకపోతే లేచి తిరగరాదా" అనే మాట. ఆ మాట మనిషిని లేపదు, ఇంకా ముడుచుకునేలా చేస్తుంది.

తోడ్పడేవి

మొదటిది తోడు. "నడువు" అనడం కంటే "నేనూ వస్తాను, పదండి" అనడం మేలు.

రెండవది చిన్న మొదలు. వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంతకంటే తక్కువైనా ఉపయోగమేనని అదే సంస్థ చెబుతోంది. కనుక వీధి చివరి వరకు పది నిమిషాలు చాలు.

మూడవది ఇష్టం. హోసూరు చంద్రచూడేశ్వరస్వామి కొండ, కృష్ణగిరి డ్యాము పార్కు, పెరటి మొక్కల పని, ఏదైనా సరే. 2023 నవంబరులో మొదలైన తమిళనాడు ప్రభుత్వ "నడప్పోం నలం పెరువోం" పథకం కింద ప్రతి జిల్లాలో 8 కిలోమీటర్ల నడకదారి ఏర్పాటైంది. అందులో కొంతదూరం నడిచినా మంచిదే.

నాలుగవది క్రమం. మనసు బాగయ్యాక నడుద్దామని ఆగితే ఆ రోజు రాదు. అనుకున్న వేళకు బయలుదేరడమే ముఖ్యం. ఒకరోజు తప్పితే మరునాడు మళ్లీ మొదలుపెట్టాలి.

మరువరానివి

నడక మందులకు బదులు కాదు. మాత్రలు సొంతంగా ఆపరాదు. మత్తు, బరువు గురించి వైద్యునికే చెప్పాలి. గుండెజబ్బు, కీళ్లనొప్పులు ఉన్నవారు ముందు వైద్యుని అడగాలి.

మనకు తమిళం బాగా వచ్చినా, మనసులోని బాధ ఇంటిభాషలోనే పెగులుతుంది. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగు ఎంచుకోవచ్చు. చనిపోవాలని ఉందని ఎవరైనా అంటే, ఒంటరిగా వదలక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.