ఆముదం చేను నుంచి ఇంజన్ ఆయిల్ డబ్బా దాకా

పాలమూరు చెల్కల్లో ఆముదం తరతరాల పంట. వాన ఎగ్గొట్టినా ఎర్రనేలలో ఎంతో కొంత చేతికొచ్చేది. నాగర్‌కర్నూల్ దగ్గరి పాలెం పరిశోధన స్థానం క్రాంతి, హరిత, కిరణ్ రకాలను ఇచ్చింది ఈ నేలల్లోని రైతుల కోసమే. ఇవాళ గద్వాల, వనపర్తి దుకాణాల్లో అమ్ముడయ్యే సింథటిక్ ఇంజన్ ఆయిల్ పుట్టుక వెతుక్కుంటూ వెళితే, దారిలో రెండుసార్లు ఈ ఆముదమే ఎదురొస్తుంది.

మోటారు రాకముందు ఆముదం ఎడ్లబండిది. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన చేసి, ఇరుసుకు పట్టించేవాళ్లు. సుమతీ శతకంలోనూ ఈ కందెన ప్రస్తావన ఉంది.

పాశ్చాత్య దేశాల్లో యంత్రాలకు మొదట జంతువుల కొవ్వు, మొక్కల నూనెలు వాడేవారు. 1866లో అమెరికాలో జాన్ ఎల్లిస్ ముడి చమురు నుంచి యంత్రాల ఆయిల్ తీశాడు. అదే తరవాత వాల్వోలిన్ అయింది. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో కంపెనీ పెట్టి, 1909లో ఖనిజ నూనెకు ఆముదం జోడించిన ఆయిల్‌కు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టాడు. ఆముదంలో తొంభై శాతం దాకా ఉండేది రిసినోలిక్ ఆమ్లం. దాని నిర్మాణం వల్ల నూనె చిక్కగా ఉంటుంది, లోహాన్ని గట్టిగా అంటుకుంటుంది, పెట్రోలులో సులువుగా కరగదు. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల్లోని రోటరీ ఇంజన్లకు సరిగ్గా ఇలాంటి నూనే కావాలి. ఆ ఇంజన్లు తాగిన ఆముదాన్ని తాగినట్టే పొగతో బయటికి వదిలేసేవి కాబట్టి ఎంత ఉన్నా చాలేది కాదు. 1918లో అమెరికా ప్రభుత్వం భారతదేశం నుంచి విత్తనాలు తెప్పించి తన దక్షిణ రాష్ట్రాల్లో ఆముదం సాగు చేయించింది.

అయితే ఆముదం వేడికి జిగురు కడుతుంది, ఇంజన్‌ను మాటిమాటికీ విప్పి శుభ్రం చేయాలి. అందుకే మామూలు కార్లలో ఖనిజ నూనె గెలిచింది. ఆ నూనెకూ ఒక లోపం ఉంది. భూమిలోంచి వచ్చిన చమురులో పెద్దా చిన్నా అణువులు కలగలిసి ఉంటాయి. మైనం చలికి గడ్డకడుతుంది, తేలికైన భాగం వేడికి ఆవిరైపోతుంది. కావలసిన అణువులను ఒకే కొలతలో మనమే తయారు చేసుకుంటే ఈ బాధ ఉండదన్న ఆలోచనలోంచి సింథటిక్ పుట్టింది. 1929లో అమెరికాలోని ఒక చమురు కంపెనీ ప్రయత్నించినా కొనేవాళ్లు లేరు. జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ శాస్త్రవేత్త హెర్మన్ జోర్న్ 1930ల చివర ఈస్టర్లనే రసాయనాల మీద పని మొదలుపెట్టాడు. 1942 చలికాలంలో రష్యా మంచులో జర్మన్ బళ్లు కదలక మొరాయించాక ఆ పని విలువ తెలిసింది.

జెట్ ఇంజన్లు వచ్చాక ఆముదం మళ్లీ రంగంలోకి దిగింది. ఆముదాన్ని కాస్టిక్ సోడాతో ఎక్కువ వేడి మీద చీలిస్తే సెబాసిక్ ఆమ్లం వస్తుంది. దాంతో చేసిన ఈస్టర్ మైనస్ యాభై డిగ్రీల చలిలోనూ పారుతుంది, వేడికీ తట్టుకుంటుంది. తొలితరం జెట్ ఆయిళ్లలో ముఖ్యమైనది అదే. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇది. బండి ఇరుసుకు పూసిన గింజే రూపం మార్చుకుని ఆకాశానికి ఎక్కింది!

జెట్ ఆయిల్ గుణాలు స్వయంగా చూసిన అమెరికన్ పైలట్ ఆల్బర్ట్ అమటూజియో దాన్ని కారుకు తెచ్చాడు. 1972లో ఆయన ఆమ్సాయిల్, 1974లో మొబిల్ 1 అంగట్లోకి వచ్చాయి. ఇప్పటి కారు సింథటిక్‌లో ఆముదం దాదాపు ఉండదు. ఎక్కువ భాగం పెట్రోలియం నుంచి వచ్చిన అణువులతో చేసిందే. ఖనిజ నూనెనే హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధిచేసినదాన్నీ సింథటిక్ అని అమ్మవచ్చని 1999లో అమెరికాలోని ప్రకటనల పరిశీలక సంస్థ క్యాస్ట్రాల్, మొబిల్ తగాదాలో తేల్చింది. అందుకే డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న ఆ ఒక్క మాటను చూసి ఆయిల్ కొనకూడదు.

చూడాల్సినవి చిన్నక్షరాలు. 5డబ్ల్యూ-30 అంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఎంత సులువుగా పారుతుందో, వెనకున్నది వంద డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతాయి. మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదని, 20డబ్ల్యూ-50 పోస్తేనే మంచిదని మన వైపు చాలామంది నమ్మకం. పాత ఇంజన్ల కాలంలో అది సరిపోయి ఉండవచ్చు. బయట 43 డిగ్రీలున్నా 20 ఉన్నా, వేడెక్కిన ఇంజన్‌లోని కూలెంట్‌ను థర్మోస్టాట్ 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతుంది. కొత్త ఇంజన్లలో భాగాల మధ్య సందులు సన్నం. కంపెనీ పుస్తకంలో వాటికి 0డబ్ల్యూ-20 రాసి ఉంటే చిక్కటి ఆయిల్ పోసి లాభం లేదు, మైలేజీ తగ్గుతుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్ల సంగతి ఇంకా సున్నితం. చాలావాటికి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆయిల్‌లోని బూడిద ఎక్కువైతే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది, మార్చాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కంపెనీ పుస్తకం ఏసీఈఏ సీ3 వంటి తక్కువ బూడిద రకం అడిగితే అదే పోయించాలి. కిలోమీటర్ల గడువు కూడా ఆ పుస్తకంలోనే ఉంటుంది. దుమ్ము దారుల్లో, ఊరి లోపలి చిన్న ప్రయాణాల్లో తిరిగే బండికి ఆ గడువును తగ్గించుకోవాలి.

ఈసారి ఆయిల్ మార్పించేటప్పుడు మెకానిక్ చేతికి ముందు కారు పుస్తకం ఇవ్వండి. సీలు మీ కళ్లెదుటే తీయమనండి, డబ్బా మీది గ్రేడు బిల్లులో రాయించుకోండి.