ఆక్ లెక్కలో కురిచేడు

1992 సెప్టెంబర్ మొదటి వారం. న్యూజెర్సీలో ఓ హోటల్లో రాత్రి భోజనానికి కూర్చున్నారు కెన్ థాంప్సన్, రాబ్ పైక్. ఇద్దరూ బెల్ ల్యాబ్స్‌లో పనిచేసేవారు. సాయంత్రమే ఫోన్ వచ్చింది: ప్రపంచ లిపుల్ని బైట్లుగా పేర్చే ఓ పద్ధతి సిద్ధమవుతోంది, చూసి చెప్పమని. వాళ్లకు అది నచ్చలేదు. పళ్లెం కింద పరిచిన కాగితం మీదే థాంప్సన్ కొత్త పద్ధతి గీశారు. అదే యూటీఎఫ్-8. దాని ప్రకారం తెలుగు గుర్తు ప్రతిదానికీ మూడు బైట్లు.

అదే బెల్ ల్యాబ్స్‌లో 1977లో ఏహో, వైన్‌బర్గర్, కెర్నిగాన్ కలిసి ఆక్ అనే ప్రోగ్రాము రాశారు. వరుసలు, గడులుగా ఉన్న ఫైలు ఏదైనా సరే, కమాండ్ లైన్‌లో ఒక్క వాక్యం టైపు చేస్తే కావాల్సిన వరుసలు విడిగా వచ్చేస్తాయి. గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు మార్గం తీసుకోండి: వినుకొండ, కురిచేడు, దొనకొండ, మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు. స్టేషన్ పేరు ఒక గడిలో, దూరం మరో గడిలో పెట్టి, ఇన్ని కిలోమీటర్లు దాటినవి చూపించమంటే చాలు. ఇంత తక్కువ మాటల్లో ఇంత పని చేసే పనిముట్టు నాకు మరొకటి కనబడలేదు. కొత్తగా నేర్చుకునేవారు దీనితోనే మొదలుపెట్టాలి.

కానీ ఆ తొలి ఆక్ బైట్లే లెక్కపెట్టేది. కురిచేడు పొడవెంతంటే 24 అనేది. మొదటి అక్షరం ఇవ్వమంటే ‘క’లో మూడో వంతు తెంచి ఇచ్చేది, తెర మీద అర్థంకాని గుర్తు పడేది. పట్టికలో నిలువు వరుసలు వంకరపోయేవి. గ్నూ ప్రాజెక్టు వాళ్ల ఆక్ అయిన గాక్ ఈ ఇబ్బంది ముందే తీర్చింది. మూల ఆక్ మాత్రం అలాగే ఉండిపోయింది.

2022లో ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెబుతున్న బ్రయాన్ కెర్నిగాన్‌కు 80 ఏళ్లు. 45 ఏళ్ల కిందటి తన ప్రోగ్రామును మళ్లీ తెరిచారు. యూటీఎఫ్-8 చదివేలా మార్చారు. ప్రోగ్రాముల్లో మార్పుల్ని నమోదు చేసే గిట్ అంతగా అలవాటు లేక, ఆ మార్పుల్ని గాక్‌ను చూసుకునే ఆర్నల్డ్ రాబిన్స్‌కు మెయిల్లో పంపారు. ఆ వయసులో ఆ ఓపికకు చేతులెత్తి దండం పెట్టాలి. గడుల్ని కామాలతో విడదీసే సీఎస్‌వీ ఫైళ్లు చదవడం కూడా ఆక్‌కు నేర్పారు. కొటేషన్ గుర్తుల మధ్య “కురిచేడు, ప్రకాశం జిల్లా” అని ఉంటే ఇప్పుడు ఆ కామా దగ్గర గడి విరిగిపోదు. 1988 నాటి ఆక్ పుస్తకానికి 2023లో రెండో కూర్పు కూడా వచ్చింది.

ఇప్పుడు కురిచేడు పొడవు 8. బళ్లో పిల్లలు మాత్రం నాలుగంటారు, ఎందుకంటే కొమ్మూ గుడీ వాళ్లకు వేరే అక్షరాలు కావు. ఆక్‌లోనే ఆ లెక్క రాబట్టొచ్చు: గుణింతపు గుర్తుల్ని, సున్నాను, పొల్లును లెక్కలోంచి తీసెయ్యాలి, పొల్లు వెనక వచ్చే హల్లునూ వదిలెయ్యాలి. అప్పుడు కురిచేడు నాలుగు, కంభం రెండు, ‘ద్ద’ ఉన్న గిద్దలూరు కూడా నాలుగే.