పడవనెక్కిన పుస్తకములు



మా మెట్టసీమలో పత్తితీత ముగిసి, మిరపకాయలు కల్లములలో ఎండుచుండు దినములందు, సాయంకాలమున పదిమంది రచ్చబండయొద్ద కూడుట అలవాటు. నా బాల్యమున ఆ చెంతనే పంచాయతీవారి పఠనమందిర ముండెడిది. చదువు వచ్చిన యొకరు వార్తాపత్రికను బిగ్గఱగా చదువగా చదువురాని పదుగురు వినెడివారు. నేడట్టి మందిరములు కొన్ని తాళము వేయబడి యున్నవి. కొన్నింటి తలుపులు తెఱచియే యున్నను లోపల చదువరి లేడు. మన పూర్వులు గ్రంథాలయమును ఎట్లు జీవింపజేసిరో, మనము దానిని ఎచ్చట విడిచితిమో, నేడు మీకు మనవి చేసెదను.

1914 వ సంవత్సరము ఏప్రిల్ 10 వ తేదీన, విజయవాడలోని రామమోహన గ్రంథాలయమున, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతన జరిగిన సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. దానికి ప్రాణము పోసినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. ఆనాటికి సర్కారు సాయము లేదు, చట్టమును లేదు. ఊరివారు చందాలు వేసికొనిరి. ఒకరు గది యిచ్చిరి, ఒకరు బీరువా యిచ్చిరి. ఇట్లు వెలసినవే ఆనాటి పల్లె గ్రంథాలయములు.

మన ప్రాంతమున దీనికి తార్కాణము వేటపాలెములోని సారస్వత నికేతనము. ఆ యూరు పూర్వము గుంటూరు జిల్లాలోనిది. 1970 లో నూతనముగా నేర్పడిన ఒంగోలు జిల్లాలో, అనగా పిదప ప్రకాశము జిల్లా యనబడిన దానిలో చేరినది. 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. 1918 అక్టోబరులో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారును మఱికొందఱు యువకులును కలిసి దానిని స్థాపించిరి. మగ్గముల చప్పుడుతో తెల్లవాఱు ఊరది. విద్యాపీఠము కాదు, రాజధాని కాదు. అయినను 1929 లో గాంధీ మహాత్ముడు అచ్చటికి వచ్చి భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికఱ్ఱను నేటికిని అచ్చట భద్రపఱచియున్నారు. అంతకంటె విలువైనవి ఆ యింట నిలిచిన పాతపత్రికలు. ఇతరులు పొట్లములు కట్టి పాఱవేసిన కాగితములను వారు సంవత్సరముల వారీగా కూర్చి దాచిరి. అందుచేతనే ఆంధ్రదేశచరిత్రను వ్రాయదలచిన పండితులు దూరదేశములనుండి సయితము ఆ పల్లెకు వత్తురు.

వేటపాలెమువారు దాచుటయందు ఘనులైనచో, పాతూరి నాగభూషణముగారు పంచుటయందు ఘనులు. ఆ దినములలో డెల్టాగ్రామములకు కాలువయే రహదారి, పడవయే బండి. పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామముల నడుమ కృష్ణకాలువపై 1935 లో ఆయన పడవ గ్రంథాలయమును నడపించిరి. పడవలో పోవువారికి ప్రయాణకాలమున చదువుకొనుటకును, కాలువగట్టు గ్రామములవారికి ఇంటికి గొనిపోవుటకును పుస్తకములు దొరకెడివి. రైతు పొలము విడిచి గ్రంథాలయమునకు రాజాలడని ఎఱిగి, గ్రంథాలయమునే రేవునకు పంపుట ఎంతటి లోకజ్ఞానమో ఆలోచింపుడు. ఆ పడవలు నేడు లేవు. ఆ జ్ఞానమైనను మనకు మిగిలినదా?

పిమ్మట చట్టములు వచ్చినవి. 1948 లో మద్రాసు రాష్ట్రమునకును, 1960 లో ఆంధ్రప్రదేశమునకును గ్రంథాలయ చట్టములు కలిగినవి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను మనము చెల్లింతుము. స్థానిక సంస్థలు దానిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. చట్టము మంచిదే. దానివలన జీతములు, భవనములు, పత్రికలు సమకూడినవి. కాని "మనది" అనుకొన్న గ్రంథాలయమును నాటినుండి "సర్కారుది" అనుకొంటిమి. చందా యిచ్చినవాడు లెక్క అడిగెడివాడు. పన్ను కట్టినవాడు అడుగుట మఱచినాడు.

ఇతరులను తప్పుపట్టుటకు ముందు నా తప్పును చెప్పవలెను. ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన పిదప మా యూరి పుస్తకముల బీరువా తాళపుచెవి నా యొద్ద నుండెడిది. నేను సంప్రదాయముగా చదివినవాడను. కావ్యములు, వ్యాకరణములు, పురాణములు మురిపెముగా పేర్చుకొంటిని. చినుగునను భయముతో చిన్నపిల్లల చేతికి ఈయనైతిని. 2021 లో మిరపతోటలపై నల్లతామర పురుగు విరుచుకొని పడినది. పూత మాడిపోవుచుండగా ఒక కౌలురైతు వచ్చి, "అయ్యవారూ, ఈ పురుగును గూర్చి మీ పుస్తకాల్లో ఏమన్నా ఉందా?" అని యడిగెను. బీరువానిండ పుస్తకములున్నవి, ఆయనకు పనికివచ్చునది ఒక్కటియు లేదు. నేను తలవంచుకొంటిని. ఆయన నన్నేమియు అనక వెడలిపోయెను.

మఱునాడు నేను గుంటూరు చేరువనున్న లాం వ్యవసాయ పరిశోధనా స్థానమునకు పోయి, దొరకిన కరపత్రములను తెచ్చి, గోడకు అంటించితిని. సాయంకాలము వానిని బిగ్గఱగా చదివితిని. మొదటిదినమున నలుగురు వినిరి. వారము గడచునప్పటికి అరుగు నిండెను. పైరు అంతయు దక్కినదని చెప్పజాలను, చాలమంది నష్టపడిరి. కాని మందు కొనబోవునపుడు ఏమి అడుగవలెనో వారికి తెలిసినది. పిదప ఆడవారు పింఛను దరఖాస్తులు చదివించుకొన వచ్చిరి. పరీక్షలకు చదువు పిల్లలు దీపము అడిగిరి. ఆ పిల్లలలోనే యొకడు ఒకనాడు నా భారతమును చేతబట్టి అరుగుపై కూర్చుండెను. కావ్యమునకు చదువరి ఆ దారినే వచ్చెను.

కావున గ్రామపెద్దలకు నా విన్నపము. మన పన్ను గ్రంథాలయ సంస్థకు చేరుచున్నదో లేదో పంచాయతీ సభలో అడుగుడు. ఊరి పాతకాగితములను, పెండ్లిపత్రికలను, కరణముల లెక్కలను తగులబెట్టక ఒక పెట్టెలో దాచుడు. దినమునకు ఒక్క గంట పత్రికను పైకి చదువు ఏర్పాటు చేయుడు. చదువనేర్చినవారు మీలోనే యున్నారు. ఆ తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో నేటి సాయంకాలమే కనుగొనుడు.