మాధవన్: భయానక చిత్రాల నట ప్రస్థానం

రంగనాథన్ మాధవన్ (జననం: 1970 జూన్ 1, జంషెడ్‌పూర్) తమిళ, హిందీ, తెలుగు సినిమాల నటుడు, దర్శకుడు. తెలుగు ప్రేక్షకులకు ‘సఖి’ కథానాయకుడిగా దగ్గరయ్యాడు. ప్రేమకథల నటుడిగా పేరు తెచ్చుకున్నా, భయానక చిత్రాల్లో ఆయన ప్రస్థానం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. 2009లో ‘యావరుం నలమ్’లో దెయ్యానికి భయపడే గృహస్థుగా, 2024లో ‘షైతాన్’లో ఒక కుటుంబాన్ని వణికించే మాంత్రికుడిగా నటించాడు. మధ్యలో రెండు తెలుగు చిత్రాల్లో ప్రతినాయకుడి వేషం వేశాడు.

జననం, నేపథ్యం

మాధవన్ పుట్టేనాటికి జంషెడ్‌పూర్ బీహార్‌లో ఉండేది. 2000 నవంబరులో జార్ఖండ్ ఏర్పడ్డాక ఆ రాష్ట్రంలోకి వచ్చింది. సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసేచోట ఉక్కు కర్మాగారం చుట్టూ ఎదిగిన ఊరది. సాక్చి అనే పల్లెకు 1919లో జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. కర్మాగారంలో పనికోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి స్థిరపడ్డారు. వారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి, తమిళ కుటుంబాలూ ఉన్నాయి. మాధవన్ తండ్రి రంగనాథన్ టాటా స్టీల్‌లో అధికారి, తల్లి సరోజ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో మేనేజరు. ఇంట్లో తమిళం, గడప దాటితే హిందీ. రెండు భాషల్లోనూ తడబడకుండా మాట్లాడే అలవాటు తర్వాత నటుడిగా ఆయనకు కలిసొచ్చింది.

చదువు, ఉపన్యాస కళ

మహారాష్ట్రలోని కొల్హాపూర్ రాజారామ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చదివాడు. 1988లో రోటరీ కార్యక్రమం కింద కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రం, స్టెట్లర్ పట్టణంలో ఏడాది గడిపాడు. ఎన్.సి.సి.లో రాణించి శిక్షణకోసం ఇంగ్లండ్ వెళ్లిన బృందంలో చోటు సంపాదించాడు. జాతీయ స్థాయి ఉపన్యాస పోటీలో గెలిచి, 1992లో టోక్యోలో జరిగిన యువ వ్యాపారుల సదస్సుకు భారత ప్రతినిధిగా హాజరయ్యాడు. కొల్హాపూర్‌లో వక్తృత్వం, వ్యక్తిత్వ వికాసం నేర్పే తరగతులు నడిపాడు. అక్కడ విద్యార్థినిగా పరిచయమైన సరితను 1999లో పెళ్లిచేసుకున్నాడు.

ఎదుటివాళ్లు వినేలా మాట్లాడటం ఎలాగో నేర్పడమే ఆయన తొలి వృత్తి అన్నమాట. మూడు దశాబ్దాల తర్వాత ‘షైతాన్’లో ఆయన పాత్ర చేతిలో కత్తి కన్నా నోటిమాటకే ఎక్కువ పదును ఉండటం చూస్తే, ఆ పాత అనుభవం గుర్తుకు రాకమానదు.

సినీరంగ ప్రవేశం

1990లలో ‘బనేగీ అప్నీ బాత్’, ‘సీ హాక్స్’ వంటి హిందీ ధారావాహికల్లో నటించాడు. 1996లో సంతోష్ శివన్ తీసిన గంధపు పౌడరు ప్రకటనలో కనిపించాడు. శివన్ సిఫారసుతో మణిరత్నం ‘ఇరువర్’ కోసం పరీక్షించినా ఆ అవకాశం దక్కలేదు. 2000లో అదే దర్శకుడి ‘అలైపాయుదే’తో కథానాయకుడయ్యాడు. దాని తెలుగు రూపమే ‘సఖి’. 2004లో ‘ఆయుధ ఎళుత్తు’లో ఇన్బ అనే రౌడీగా నటించి, చాక్లెట్ హీరో ముద్రను తొలిసారి గట్టిగా చెరిపాడు.

‘యావరుం నలమ్’ (2009)

విక్రమ్ కె. కుమార్ దర్శకత్వంలో తమిళంలో ‘యావరుం నలమ్’, హిందీలో ‘13బి’ పేర్లతో ఏకకాలంలో తీసిన చిత్రమిది. తమిళ పేరుకు ‘అందరూ క్షేమం’ అని అర్థం. ‘అలైపాయుదే’కు పనిచేసిన పి.సి. శ్రీరామ్ దీనికీ ఛాయాగ్రాహకుడు. దర్శకుడు తర్వాత తెలుగులో ‘ఇష్క్’, ‘మనం’ తీశాడు.

మనోహర్ అనే ఉద్యోగి తల్లి, అన్న, వదిన, భార్యలతో కూడిన కుటుంబాన్ని తీసుకుని పదమూడో అంతస్తులోని కొత్త ఫ్లాటులో దిగుతాడు. రోజూ పాలు విరిగిపోతుంటాయి. లిఫ్టు అందరికీ పనిచేస్తుంది, మనోహర్ ఒక్కడే ఎక్కితే మాత్రం కదలదు. ఆ ఇంట్లో సెల్‌ఫోనుతో తీసుకున్న ఫొటోలో అతని ముఖం వికారంగా వస్తుంది. ఇంట్లో ఆడవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు చూసే టీవీ సీరియల్ అచ్చం తమ కథలాగే నడుస్తోందని అతను ఒక్కడే గుర్తిస్తాడు. 1977లో అదే చోట జరిగిన హత్యలతో ఆ సీరియల్‌కు ముడి ఉంటుంది.

పాడుబడ్డ బంగళా, తెల్లచీర, కీచుమనే తలుపు వంటి పాత సరంజామాను ఈ చిత్రం పక్కన పెట్టింది. భయాన్ని అపార్టుమెంటులోకి, టీవీ పెట్టెలోకి తెచ్చింది. లిఫ్టు సన్నివేశాల్లో మాధవన్ కేకలు పెట్టడు. మొదట విసుగు, ఆపై చిరాకు, చివరికి మెట్లెక్కి వచ్చినవాడి ఆయాసం. ఈఎంఐలు కట్టే మధ్యతరగతి మనిషి దెయ్యాన్ని మొదట రిపేరు సమస్య అనుకోవడం నవ్వు తెప్పిస్తూనే నమ్మిస్తుంది.

తెలుగులో ప్రతినాయకుడు

2018 నవంబరులో విడుదలైన ‘సవ్యసాచి’ తెలుగులో ఆయన తొలి పూర్తిస్థాయి పాత్ర. చందు మొండేటి దర్శకుడు. ఎడమచెయ్యి తన మాట వినని కథానాయకుడిగా నాగచైతన్య, అతని కుటుంబంపై పగబట్టిన వ్యక్తిగా మాధవన్ నటించారు.

2020 అక్టోబరు 2న నేరుగా ఓటీటీలో వచ్చిన ‘నిశ్శబ్దం’ దెయ్యాల కొంప కథగా మొదలై హత్యల పరిశోధనగా మారుతుంది. హేమంత్ మధుకర్ దర్శకత్వంలో అమెరికాలోని సియాటిల్ నేపథ్యంగా తీసిన ఈ చిత్రంలో మాధవన్ ఆంథొనీ అనే సెల్లో వాద్యకారుడు, అనుష్క మాట, వినికిడి లేని చిత్రకారిణి. ‘రెండు’ (2006) అనే తమిళ చిత్రంలోనూ వీరిద్దరూ జంటగా నటించారు.

‘షైతాన్’ (2024)

కృష్ణదేవ్ యాజ్ఞిక్ తీసిన గుజరాతీ చిత్రం ‘వశ్’ (2023) ఆధారంగా వికాస్ బహల్ దీన్ని హిందీలో తీశాడు. 2024 మార్చి 8న విడుదలైంది. అజయ్ దేవగణ్, జ్యోతిక దంపతులుగా, మాతృకలో నటించిన జానకీ బోడీవాలా వారి కూతురుగా కనిపిస్తారు.

దారిలో దాబా దగ్గర పరిచయమైన వనరాజ్ అనే అపరిచితుడు ఆ కుటుంబం విడిది ఇంటి గడపలో నిలబడతాడు. కాసేపు ఫోను చార్జింగ్ పెట్టుకుంటానని అడుగుతాడు. ఇంటికొచ్చినవాణ్ని పొమ్మనలేని మర్యాదే వాళ్ల కొంప ముంచుతుంది. ఆ పిల్ల అప్పటికే అతని వశమైపోయి ఉంటుంది. నవ్వమంటే ఆపకుండా నవ్వుతుంది, ఆడమంటే ఆడుతుంది. వనరాజ్ కోరేది ఒక్కటే: కూతుర్ని తనకు అప్పగిస్తున్నామని కన్నవాళ్లు తమ నోటితో చెప్పాలి.

చేతబడి, వశీకరణం కథలు తెలుగువారికి కొత్తవి కావు. పుర్రెలు, నిమ్మకాయలు, ఎర్రటి కళ్లతో మాంత్రికుణ్ని గుర్తుపట్టడం మనకు అలవాటు. వనరాజ్ చాలాసేపటి వరకూ పక్కింటి పెద్దమనిషిలా సోఫాలో కూర్చుని తాపీగా మాట్లాడతాడు. అతని ఆజ్ఞలు అరుపులు కావు, పిల్లలకు పాఠం చెప్పే గొంతులో వచ్చే సూచనలు.

ఇతర కృషి, స్థానం

‘ఇరుది సుట్రు’, ‘విక్రమ్ వేద’ చిత్రాలు ఆయన నట జీవితాన్ని కొత్త మలుపు తిప్పాయి. శాస్త్రవేత్త నంబి నారాయణన్ జీవితంపై స్వీయ దర్శకత్వంలో తీసిన ‘రాకెట్రీ’ ఉత్తమ కథాచిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. 2023లో పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షుడిగా నియమితుడయ్యాడు.

మాధవన్ చేసిన భయానక చిత్రాలు కొన్నే. వాటిలో ఆయన మేకప్‌ను నమ్ముకోలేదు, ‘సఖి’ నాటి నవ్వునే వాడుకున్నాడు. మనోహర్ నవ్వు మెల్లగా మాయమవుతుంటే ప్రేక్షకుడు జాలిపడతాడు. వనరాజ్ అదే నవ్వు నవ్వితే తలుపు గడియ వేసుకోవాలనిపిస్తుంది.