ఒడి గిటారును ఎంచుకొనే విధము

గిటారును ఒడిలో వెల్లకిల పెట్టి, తీగలపై ఉక్కు కడ్డీని జార్చి వాయించే పద్ధతి 19వ శతాబ్దం చివర హవాయి దీవులలో పుట్టింది. జోసెఫ్ కెకుకు దానికి ఆద్యుడని చెబుతారు. మన గోటువాద్యం తీరూ ఇటువంటిదే. కనుక ఆ నాదం మన చెవికి పరాయిదిగా తోచదు.

1932లో రికెన్‌బాకర్ వారి అల్యూమినియం విద్యుత్ గిటారు వచ్చింది. ఆకారాన్ని బట్టి దానిని ‘వేపుడు పెనం’ అన్నారు. నాదం చక్కనిదే గాని, వేదిక దీపాల వేడికి శ్రుతి మారేది. 1935లో బేకలైటు గిటారు తెచ్చారు. దాని నిండు నాదం కోసం నేటికీ వెతికేవారున్నారు.

తీగ పొడవు ముఖ్యము. పెడళ్లు లేవు కనుక, కొన్ని స్వరాలు కలిపి పలికించడానికి కడ్డీని ఏటవాలుగా పట్టాలి. 22½ అంగుళాల తీగపై అది సులువు. 25 అంగుళాలైతే తీగ బిగువుగా ఉండి నాదం గట్టిగా పలుకుతుంది. చేతికి మాత్రం దూరం ఎక్కువ.

మేము నాదానికి మురిసి పొడవుది కొన్నాము. చెయ్యి సాగక అది ఏడాదిపాటు పెట్టెలోనే ఉన్నది. తరువాత పొట్టిది, ఆరు తీగలది తెచ్చుకొని రోజూ వాయిస్తున్నాము. పిల్లలకు కొనేవారు నాదం వినండి, కాని వారి చేతికిచ్చి చూసిన తరువాతనే కొనండి. మూడవ తరం వారమైన మనకు తెలిసినదే: గిటారైనా, తాతల తెలుగైనా, రోజూ పలికించకపోతే మూగబోతుంది.