శత్రువుకు శత్రువు

శత్రువుకు శత్రువు మిత్రుడన్న మాట మనకు కొత్తది కాదు. పొరుగు రాజు శత్రువు, ఆ పొరుగు రాజుకు అవతలివాడు మిత్రుడు అంటూ కౌటిల్యుడు అర్థశాస్త్రంలో పన్నెండుమంది రాజులతో ఒక మండలాన్నే లెక్కగట్టాడు. మామూలు మనుషుల మధ్య ఈ లెక్క ఎంతవరకు నిలుస్తుందన్న పరిశీలన మాత్రం 20వ శతాబ్దంలో ఊపందుకుంది.

1946లో మనస్తత్వవేత్త ఫ్రిట్జ్ హైడర్ ముగ్గురితో మొదలుపెట్టాడు. ముగ్గురూ స్నేహితులైతే పేచీ లేదు. ఇద్దరు స్నేహితులకు మూడోవాడు పడకపోయినా ఆ అమరిక నిలుస్తుంది. చిక్కంతా నాకు కావలసిన ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడనప్పుడే. ఒకరింటి పెళ్లికి వెళ్తే రెండోవారు ముఖం తిప్పుకుంటారు. రాజీ కుదర్చాలి, లేదా ఒకరిని వదులుకోవాలి.

1956లో డోర్విన్ కార్ట్‌రైట్, ఫ్రాంక్ హరారీ ఈ ఊహను గణితంలోకి తెచ్చారు. మనుషులు చుక్కలు, స్నేహం ప్లస్ గీత, వైరం మైనస్ గీత. ముగ్గురూ పరస్పరం శత్రువులు కావడాన్ని కూడా చిక్కుగానే లెక్కించారు. అందరికీ అందరితో సంబంధం ఉండి, ఏ ముగ్గురిని తీసుకున్నా చిక్కు లేకపోతే మిగిలేవి రెండే దారులు: అందరూ ఒక్కటి కావడం, లేదా సరిగ్గా రెండు శిబిరాలుగా చీలడం. ఈ ఫలితం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. చిక్కులు తీరడమూ శాంతి కలగడమూ ఒకటి కావని అది చెబుతోంది.

1967లో జేమ్స్ డేవిస్ ఈ నియమాన్ని కొంత సడలించాడు. ముగ్గురూ పరస్పరం శత్రువులుగా ఉండవచ్చని ఒప్పుకుంటే రెండుకు మించి శిబిరాలు ఏర్పడతాయి.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి యూరప్‌ను ఈ కళ్లతో చూడాలి. 1890లో రష్యాతో ఉన్న ఒప్పందాన్ని జర్మనీ పొడిగించలేదు. 1894కల్లా రష్యా, ఫ్రాన్స్ జతకట్టాయి. 1904లో ఫ్రాన్స్‌తో బ్రిటన్ సర్దుబాటు చేసుకుంది. అప్పటికి ఫ్రాన్స్‌కు రష్యా, బ్రిటన్ ఇద్దరూ కావలసినవాళ్లే, వాళ్లిద్దరికేమో ఆసియాలో పోటీ. హైడర్ చెప్పిన చిక్కు త్రిభుజం అదే. 1907లో బ్రిటన్, రష్యా రాజీపడ్డాయి, త్రిభుజం కుదుటపడింది. ఏడేళ్లకు ఈ ముగ్గురి శిబిరమూ జర్మనీ శిబిరమూ యుద్ధంలోకి దిగాయి. కారణాలు ఇంకా ఎన్నో ఉన్నాయి, కానీ మధ్యవర్తిగా నిలబడే చోటు ఒక్కో రాజీతోనూ తగ్గుతూ వచ్చిందన్నది నా నమ్మకం.

2010లో మైకేల్ జెల్, రెనో లాంబియోట్, స్టెఫాన్ థర్నర్ అనే పరిశోధకులు పార్డస్ అనే ఆన్‌లైన్ ఆటలో మూడు లక్షల మంది ఆటగాళ్ల సంబంధాలను పరిశీలించారు. చిక్కు త్రిభుజాలు యాదృచ్ఛికంగా ఉండవలసినదానికన్నా తక్కువగా కనిపించాయి. అంతకన్నా విలువైన సంగతి మరొకటి బయటపడింది. స్నేహానికి ఎదుటివైపు నుంచి తరచుగా స్నేహమే అందుతుంది, స్నేహితుల స్నేహితులు గుంపుగా అల్లుకుంటారు. వైరం అలా కాదు. చాలాసార్లు అది ఒకవైపే ఉంటుంది, ఎందరి శత్రుత్వమో కొద్దిమంది మీదికే చేరుతుంది.