క్యూటీ (సాఫ్ట్‌వేర్ టూల్‌కిట్)

క్యూటీ ఒక సాఫ్ట్‌వేర్ టూల్‌కిట్. దీనితో ఒకసారి రాసిన ప్రోగ్రామును విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఓఎస్ వంటి వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద నడపవచ్చు. కార్ల డ్యాష్‌బోర్డుల్లోనూ, వైద్య పరికరాల తెరల మీదా కూడా ఇది పనిచేస్తుంది. సీ ప్లస్ ప్లస్ భాషలో రాసిన ఈ టూల్‌కిట్ నార్వేలో పుట్టింది. దీని రచన 1991లో మొదలైంది, 1995లో తొలిసారి బయటికొచ్చింది. అప్పటినుంచి ఆరు ప్రధాన తరాలు వెలువడ్డాయి. ప్రతి తరంలోనూ రెండు విషయాలు కలిసి మారుతూ వచ్చాయి. ఒకటి, అందులో చేరిన కొత్త సౌకర్యాలు. రెండోది, వాటిని ఎవరు ఏ షరతుల మీద వాడుకోవచ్చో చెప్పే లైసెన్సు. ఈ రెంటినీ విడదీసి చూస్తే క్యూటీ చరిత్ర సగమే అర్థమవుతుంది.

పుట్టుక

క్యూటీని తయారుచేసినవారు హోవార్డ్ నోర్డ్, ఐరిక్ షాంబే-ఎంగ్. ఇద్దరూ ట్రోన్‌హైమ్ నగరంలోని నార్వేజియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కంప్యూటర్ సైన్సు చదివారు. 1990లో వీరు అల్ట్రాసౌండ్ చిత్రాలను భద్రపరిచే ఒక డేటాబేస్ ప్రోగ్రాము మీద పనిచేస్తున్నారు. అది యూనిక్స్, మ్యాకింటాష్, విండోస్ మూడింటి మీదా నడవాలి. తెర మీద విండోలు, బటన్లు, మెనూలు గీసే పద్ధతి అప్పట్లో ఒక్కో సిస్టమ్‌కు ఒక్కోలా ఉండేది. ఒకే పనికి మూడుసార్లు కోడు రాయాలి. తప్పు దొరికితే మూడుచోట్ల దిద్దాలి. ఈ శ్రమ లేకుండా మూడింటికీ ఒకే పద్ధతి కావాలన్న ఆలోచన అక్కడే మొదలైంది.

1991లో దీని క్లాసులు (సీ ప్లస్ ప్లస్ కోడు భాగాలు) రాయడం ప్రారంభించారు. 1992లో షాంబే-ఎంగ్‌కు భాగాల మధ్య సమాచారం నడిపే సిగ్నల్-స్లాట్ ఆలోచన తట్టింది. 1994 మార్చి 4న ఇద్దరూ కంపెనీ నమోదు చేయించారు. క్వాసర్ టెక్నాలజీస్‌గా మొదలైన ఆ సంస్థ తర్వాత ట్రోల్‌టెక్ పేరుతో ప్రసిద్ధి పొందింది. 1995 మే 20న క్యూటీ 0.90ను ఇంటర్నెట్‌లో ఉంచారు. విండోస్‌కూ యూనిక్స్‌కూ ఒకే ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ ఇవ్వడం తొలిరోజు నుంచే దీని ప్రత్యేకత. వ్యాపారానికి వాడేవారు డబ్బు చెల్లించాలి. యూనిక్స్ మీద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఉచితం. ఈ రెండు లైసెన్సుల పద్ధతిని కంపెనీ మొదటినుంచీ పాటించింది.

తొలినాళ్లలో కొనేవారు దొరకడం కష్టమైంది. 1996 మార్చిలో యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ పది లైసెన్సులు కొనడం ఆ చిన్న సంస్థకు పెద్ద ఊరట. అదే ఏడాది సెప్టెంబర్ 24న క్యూటీ 1.0 వెలువడింది.

పనిచేసే తీరు

టూల్‌కిట్‌లో బటన్, జాబితా, టెక్స్ట్ పెట్టె వంటి ఒక్కో భాగాన్ని విడ్జెట్ అంటారు. క్యూటీ చాలావరకు తన విడ్జెట్లను తానే గీసుకుంటుంది. ఏ సిస్టమ్ మీద నడుస్తుంటే ఆ సిస్టమ్ రూపురేఖలకు తగ్గట్టు వాటి ముస్తాబు మారుస్తుంది. అందువల్ల ఒక సిస్టమ్‌లో ఉన్న భాగం మరొకదానిలో లేదన్న ఇబ్బంది తక్కువ.

భాగాల మధ్య సమాచారం నడవడానికి సిగ్నల్, స్లాట్ అనే ఏర్పాటుంది. ఒక వస్తువుకు ఏదైనా జరిగితే అది సిగ్నల్ వెలువరిస్తుంది. ఆ సిగ్నల్‌కు జతచేసిన ఫంక్షన్లు, అంటే స్లాట్లు, నడుస్తాయి. బడి గంట కొట్టే మనిషికి ఏ తరగతిలో ఎవరు లేచి ఏం చేస్తారో తెలియనక్కర్లేదు. గంట విన్నవారు ఎవరి పని వారు చేసుకుంటారు. సిగ్నల్ పంపే వస్తువుకూ అంతే, దాన్ని అందుకునేవారి వివరాలు అక్కర్లేదు. అందుకే పెద్ద ప్రోగ్రాములో ఒక భాగాన్ని తీసి మరొకటి అమర్చినా మిగతావి చెక్కుచెదరవు. అప్పటి సీ ప్లస్ ప్లస్ భాషలో దీనికి తగిన సదుపాయం లేకపోవడంతో మెటా ఆబ్జెక్ట్ కంపైలర్ అనే సాధనాన్ని తయారుచేశారు. అది కోడును ముందుగా చదివి, కావలసిన అదనపు కోడును తానే రాసి పెడుతుంది.

వస్తువుల యాజమాన్యం ఇంకో ముఖ్యాంశం. ప్రతి వస్తువుకూ ఒక తల్లి వస్తువును చూపించవచ్చు. తల్లిని తొలగిస్తే దాని కిందివన్నీ మెమరీ నుంచి వాటంతటవే తొలగిపోతాయి. మెమరీని ప్రోగ్రామరే చూసుకోవలసిన భాషలో ఇది ఎన్నో తప్పులను నివారించింది.

లైసెన్సు వివాదం: మొదటి మూడు తరాలు

1996 అక్టోబర్‌లో జర్మనీకి చెందిన మథియాస్ ఎట్రిష్ లినక్స్ వాడేవారి కోసం కేడీఈ అనే డెస్క్‌టాప్‌ను తలపెట్టి, దానికి క్యూటీని ఎంచుకున్నాడు. పని వేగంగా సాగి 1998 జూలైలో కేడీఈ 1.0 వచ్చింది. కానీ క్యూటీ సోర్సు కోడు కనిపిస్తున్నా దాన్ని మార్చి పంచుకునే స్వేచ్ఛ లేదు. స్వేచ్ఛా డెస్క్‌టాప్ ఒక కంపెనీ దయ మీద నిలబడకూడదని చాలామంది గట్టిగా వాదించారు. ఆ అభ్యంతరం నుంచే 1997 ఆగస్టులో మిగెల్ దె ఇకాజా, ఫెదెరికో మెనా గ్నోమ్ డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టారు. క్యూటీకి బదులుగా హార్మొనీ అనే స్వేచ్ఛా లైబ్రరీ రాసే ప్రయత్నమూ జరిగింది.

ట్రోల్‌టెక్ దిగివచ్చింది. 1998లో కేడీఈతో కలిసి కేడీఈ ఫ్రీ క్యూటీ ఫౌండేషన్ ఏర్పడింది. కంపెనీ ఉచిత వెర్షన్లు విడుదల చేయడం ఆపేస్తే, క్యూటీని ఉదారమైన బీఎస్‌డీ లైసెన్సు కింద విడుదల చేసే హక్కు ఈ ఫౌండేషన్‌కు ఉంటుంది. కంపెనీని రేపు ఎవరు కొన్నా ఈ హామీ చెల్లుతుంది. 1999లో వచ్చిన రెండో తరం క్యూపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో వెలువడింది. 2000 సెప్టెంబర్‌లో క్యూటీ 2.2 యూనిక్స్ వెర్షన్‌కు జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కూడా చేరింది. దానితో ప్రధాన అభ్యంతరం తొలగిపోయింది, హార్మొనీ అవసరమూ తీరింది.

సౌకర్యాలూ ఇదే కాలంలో పెరిగాయి. రెండో తరంలో యూనికోడ్ ప్రవేశించింది. 2.2లో క్యూటీ డిజైనర్ వచ్చింది. దీనితో కోడు రాయకుండానే మౌస్‌తో విడ్జెట్లను అమర్చి తెరలను రూపొందించవచ్చు. 2001 అక్టోబర్‌లో వచ్చిన మూడో తరం డేటాబేస్‌లతో అనుసంధానం, మ్యాక్ ఓఎస్ ఎక్స్ వెర్షన్, అరబ్బీ, హీబ్రూల్లా కుడినుంచి ఎడమకు రాసే లిపులు, అనువాదకుల కోసం క్యూటీ లింగ్విస్ట్ అనే సాధనం తెచ్చింది. ప్రోగ్రామర్ తెరమీది వాక్యాలను గుర్తుపెట్టి ఉంచితే, అనువాదకులు కోడును ముట్టుకోకుండానే తమ భాషలో నింపవచ్చు.

నాలుగో తరం, నోకియా కాలం

2005 జూన్ 28న వచ్చిన క్యూటీ 4.0 పునాదుల నుంచి తిరిగి రాసినది. సమాచార రాశులను దాచే కొత్త కంటైనర్లు, సమాచారాన్నీ దాని ప్రదర్శననూ విడదీసే మోడల్-వ్యూ పద్ధతి, కొత్త చిత్రణ యంత్రాంగం, కొత్త టెక్స్ట్ యంత్రాంగం ఇందులో చేరాయి. ఒకే పెద్ద లైబ్రరీని మాడ్యూళ్లుగా విడగొట్టారు. తెర అవసరం లేని ప్రోగ్రాములు కూడా కావలసిన మాడ్యూలు మాత్రమే వాడుకోగలిగాయి. విండోస్ వెర్షన్ కూడా జీపీఎల్ కిందికి రావడం ఈ విడుదలలోని మరో పెద్ద మార్పు.

తర్వాతి వెర్షన్లలో ఒక్కో కొత్త అవసరం ఒక్కో సౌకర్యమై చేరింది. 2006లో 4.2 వేలాది బొమ్మలను ఒకే దృశ్యంలో నడిపే గ్రాఫిక్స్ వ్యూను ఇచ్చింది. 2008లో 4.4 వెబ్‌కిట్ అనే బ్రౌజరు ఇంజనును కలుపుకుంది. ఈ చేరికకు ఒక పూర్వకథ ఉంది. కేడీఈ బ్రౌజరు కోసం క్యూటీ మీద రాసిన కేహెచ్‌టీఎంఎల్ ఇంజనును ఆపిల్ తీసుకుని, 2003లో ప్రకటించిన సఫారీ బ్రౌజరుకు వాడింది. ఆ ఇంజనే పెరిగి వెబ్‌కిట్ అయ్యింది. క్యూటీ నీడలో పుట్టిన కోడు లోకమంతా తిరిగి మళ్లీ క్యూటీలోకే చేరింది. గూగుల్ క్రోమ్ కూడా తొలుత వెబ్‌కిట్ మీదే నడిచింది.

2008లో ఫిన్లాండ్ ఫోన్ల కంపెనీ నోకియా ట్రోల్‌టెక్‌ను కొన్నది. తన ఫోన్లకు ప్రోగ్రాములు రాసేవారు పెరగాలని ఆ కంపెనీ ఆశ. అందుకే 2009 మార్చిలో 4.5తో ఎల్‌జీపీఎల్ లైసెన్సును జోడించింది. దాని షరతులు పాటిస్తే తమ సోర్సు కోడు బయటపెట్టని వ్యాపార ప్రోగ్రాములు కూడా రుసుము లేకుండా క్యూటీని వాడుకోవచ్చు. చిన్న సంస్థలకు ఇది తలుపు తెరిచిన నిర్ణయం.

2010 సెప్టెంబర్‌లో 4.7తో క్యూటీ క్విక్, క్యూఎంఎల్ వచ్చాయి. ఏ భాగం ఎక్కడుండాలి, దేని మీద ఆధారపడి ఏది మారాలి అన్నది క్యూఎంఎల్‌లో వర్ణిస్తే చాలు, మిగతా లెక్కలు టూల్‌కిట్ చూసుకుంటుంది. వేలితో తాకే తెరలకూ కదిలే బొమ్మలకూ ఇది బాగా నప్పింది. కానీ 2011 ఫిబ్రవరిలో నోకియా విండోస్ ఫోన్ వైపు మళ్లడంతో క్యూటీకి ఆ సంస్థలో భవిష్యత్తు మసకబారింది. అదే ఏడాది వ్యాపార లైసెన్సుల విభాగం ఫిన్లాండ్‌కే చెందిన డిజియాకు వెళ్లింది. అక్టోబర్‌లో క్యూటీ ప్రాజెక్ట్ ఏర్పడి, బయటివారూ నిర్ణయాల్లో పాల్గొనే పద్ధతి మొదలైంది. 2012లో డిజియా మిగిలినదంతా కొనేసింది. 2014లో క్యూటీ కోసం ది క్యూటీ కంపెనీని ఏర్పాటు చేసింది, 2016లో అది డిజియా నుంచి వేరు పడింది.

ఐదో తరం

2012 డిసెంబర్ 19న వచ్చిన క్యూటీ 5.0 క్యూఎంఎల్‌ను గ్రాఫిక్స్ చిప్ సాయంతో గీసే పద్ధతికి మార్చింది. ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కు సంబంధించిన కోడును ప్లగిన్‌గా వేరుచేసింది. కొత్త సిస్టమ్ వస్తే మొత్తం టూల్‌కిట్‌ను కదపకుండా ఒక ప్లగిన్ రాస్తే సరిపోతుంది. దాని ఫలితమే 2013 డిసెంబర్‌లో 5.2తో వచ్చిన ఆండ్రాయిడ్, ఐఓఎస్ మద్దతు. సిగ్నల్-స్లాట్ జతల్లోని తప్పులను ప్రోగ్రాము నడవకముందే, కంపైల్ చేసేటప్పుడే పట్టుకునే కొత్త రాతపద్ధతి కూడా 5.0లోనే చేరింది.

2014లో 5.4 క్రోమియం ఆధారమైన వెబ్ ఇంజనును తెచ్చింది. 2016లో 5.6 దీర్ఘకాల మద్దతు గల, అంటే ఏళ్లపాటు దిద్దుబాట్లు అందే, వెర్షన్ అయ్యింది. 2018లో పైతాన్ భాషకు అధికారిక మద్దతు వచ్చింది. అంతకు చాలా ముందు, 1998 నుంచే, రివర్‌బ్యాంక్ సంస్థ రూపొందించిన పైక్యూటీ పైతాన్ ప్రోగ్రామర్లకు అందుబాటులో ఉంది.

తెలుగు వంటి లిపులు

టూల్‌కిట్ మంచిచెడ్డలను తెలుగు పాఠకుడు మొదట తెలుసుకునేది తెరమీది అక్షరంలోనే. "స్త్రీ" అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని వరుసగా గీస్తే చదవలేం. వత్తులను కిందికి పంపాలి, గుడిదీర్ఘాన్ని తలకట్టు స్థానంలో అమర్చాలి, ఫాంటులోని ఓపెన్‌టైప్ పట్టికల ప్రకారం సరైన రూపాలను ఎంచుకోవాలి. కర్సరు కూడా ముక్కముక్కగా కాక అక్షరం మొత్తాన్ని దాటాలి.

ఈ పని చేసే కోడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఒకప్పుడు రెండుచోట్ల విడివిడిగా పెరిగింది. ఒకటి క్యూటీలో, మరొకటి గ్నోమ్ వాడే పాంగో లైబ్రరీలో. ఒకచోట దిద్దిన తప్పు ఇంకోచోట అలాగే ఉండేది. ఈ శ్రమను కలపడానికి హార్ఫ్‌బజ్ ప్రాజెక్టు ఏర్పడింది. తర్వాత దాన్ని తిరగరాశారు, ఐదో తరంలో క్యూటీ ఆ కొత్త రూపాన్ని స్వీకరించింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ కూడా హార్ఫ్‌బజ్‌నే వాడుతున్నాయి. ఒకప్పుడు లైసెన్సు దగ్గర తగువుపడిన రెండు శిబిరాలు భారతీయ లిపుల విషయంలో ఒకే కోడును పంచుకోవడం తెలుగువారికి నేరుగా మేలు చేసింది. 2024లో 6.7 వెర్షన్ ఫాంటులోని ఓపెన్‌టైప్ సౌకర్యాలను ప్రోగ్రామరే ఎంచుకునే వీలు కల్పించింది.

ఆరో తరం

2020 డిసెంబర్ 8న క్యూటీ 6.0 వచ్చింది. అంతవరకు చిత్రణ ప్రధానంగా ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్ మీద ఆధారపడేది. ఆపిల్ మెటల్ వైపు, ఇతరులు వల్కన్, డైరెక్ట్‌త్రీడీ అనే వేరే ఇంటర్‌ఫేస్‌ల వైపు వెళ్లడంతో ఆ ఆధారం బలహీనపడింది. అందుకే ఆరో తరంలో వీటన్నిటికీ పైన ఒక ఉమ్మడి చిత్రణ పొరను నిర్మించారు. సీ ప్లస్ ప్లస్ 17ను కనీస ప్రమాణంగా తీసుకున్నారు. క్యూటీని నిర్మించే పనిని సీమేక్ అనే సాధనానికి మార్చారు. ఐదో తరంలోని కొన్ని మాడ్యూళ్లు 6.0లో లేవు. మల్టీమీడియా, బ్లూటూత్, వెబ్ ఇంజను వంటివి 2021 సెప్టెంబర్‌లో 6.2తో తిరిగి వచ్చాకే చాలా ప్రాజెక్టులు మారడానికి సిద్ధమయ్యాయి.

2023 ఏప్రిల్‌లో 6.5 విండోస్‌లో ముదురు రంగుల థీమ్‌ను గుర్తించి తెరను మార్చే సౌకర్యం తెచ్చింది. వెబ్‌అసెంబ్లీ ద్వారా క్యూటీ ప్రోగ్రాములు బ్రౌజరులోనే నడవడం ఆరో తరంలో స్థిరపడింది. 2024 అక్టోబర్‌లో వచ్చిన 6.8 గ్రాఫుల మాడ్యూలుకు పూర్తి మద్దతు ఇచ్చింది, తలకు తొడిగే పరికరాల కోసం విస్తృత వాస్తవికత (ఎక్స్‌టెండెడ్ రియాలిటీ) సౌకర్యాన్ని ప్రయోగాత్మకంగా చేర్చింది. వ్యాపార వినియోగదారులకు దీర్ఘకాల మద్దతును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది.

వినియోగం, నేటి స్థితి

వీఎల్‌సీ వీడియో ప్లేయర్, పటాలు తయారుచేసే క్యూజీఐఎస్, చిత్రకారులు వాడే క్రిటా, సినిమా యానిమేషన్‌లో వాడే మాయా, నెట్‌వర్కును పరీక్షించే వైర్‌షార్క్, ప్రసారాలకు వాడే ఓబీఎస్ స్టూడియో క్యూటీతో నిర్మితమైనవే. మెర్సిడెస్-బెంజ్ కార్ల తెరల్లోనూ ఇది ఉంది.

లైసెన్సు చర్చ మాత్రం ముగియలేదు. దీర్ఘకాల మద్దతు వెర్షన్లకు దిద్దుబాట్లను వ్యాపార వినియోగదారులకే ఇస్తామని క్యూటీ కంపెనీ 2020 జనవరిలో ప్రకటించింది. 5.15 విషయంలో అదే అమలైంది. దానికి జవాబుగా కేడీఈ 2021లో ఆ వెర్షన్‌కు అవసరమైన దిద్దుబాట్లను తానే సేకరించి అందించడం మొదలుపెట్టింది. 1998లో కుదిరిన ఫౌండేషన్ ఒప్పందం యజమానులు మారినా నేటికీ అమల్లో ఉంది. కొత్త సౌకర్యాలను కంపెనీల పెట్టుబడి వేగంగా తెచ్చింది, నిజమే. ఆ సౌకర్యాలు రుసుము కట్టలేని విద్యార్థికీ, స్వచ్ఛందంగా పనిచేసే అనువాదకుడికీ అందడం మాత్రం వాడుకరులు పట్టుబట్టి రాయించుకున్న షరతుల వల్లే సాధ్యమైంది.